మీరంటే ఎంతమంది

మా ఊరు అందమైనదని పైవాళ్ళు వచ్చి చెప్పేదాకా మాలో ఎవరికీ తెలియదు. రాతి గోడలు, రాతి కప్పులు, ఎక్కలేక ఆయాసపడే సందులు, చలికాలమంతా గోడల్లోంచి ఊరే చెమ్మ. మాకు తెలిసిన వల్‌బ్రేజ్ ఇదే. అలాంటిది ఆ ఏడు ఏప్రిల్లో మేయర్ గారు మమ్మల్నందర్నీ పిలిచి, దేశంలోని అందమైన పాత ఊళ్ళ జాబితాలో మన ఊరినీ చేర్పించబోతున్నామని చెప్పారు. వేసవిలో రెండుసార్లు పరీక్షకు మనుషులొస్తారట, ఎప్పుడొస్తారో ముందుగా చెప్పరట. జాబితాలో పడితే బస్సులొస్తాయి. బస్సులొస్తే మా బెర్త్ నడుపుకునే కాఫీ హోటలు మూతపడదు, రెండేళ్ళుగా తాళం వేసి ఉన్న రొట్టెల కొట్టు తెరుచుకుంటుంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఎందుకు కొట్టానో అని తరవాత చాలాసార్లు నా అరచేతులు నేనే చూసుకున్నాను.

మేముండే ఇల్లు సరిగ్గా చర్చి ఎదురుగా, ఊళ్ళోకి ఎవరొచ్చినా ముందు కంటబడేది అదే. ఉండడం మేమే గానీ ఇల్లు మాది కాదు, ఊరి దస్తావేజులు రాసే నోటరీ గారిది. ఇరవై ఆరేళ్ళ కిందట నాకు అల్బాన్‌తో పెళ్ళైన ఏడు, ఆయన మకాం తులూజ్ నగరానికి మారుస్తూ తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఖాళీగా ఉంటే ఇల్లు పాడైపోతుంది, ఉండి చూసుకోండి అన్నారు. కాగితమూ లేదు, అద్దే లేదు, మాటే. కప్పు కారితే అల్బాన్ ఎక్కేవాడు, గోడ పెచ్చులూడితే సున్నం నేను కలిపేదాన్ని. మా అమ్మ ఫిలొమెన్ ఆ వంటింట్లో నలభై ఏళ్ళు వాళ్ళకి వండింది. డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో అదే వంటింట్లో మాకు వండేది, వద్దన్నా వినేది కాదు.

నోటరీ గారు పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఇల్లు ఆయన కూతురు క్లోతిల్డ్‌కి వచ్చింది. క్లోతిల్డ్ నా ఈడుది. ఒకే వంటింట్లో, ఒకే బల్ల కింద దూరి పెరిగాం. నేను దాన్ని నువ్వు అనేదాన్ని, అది నన్ను నువ్వు అనేది. మా అమ్మ మాత్రం ముక్కు చీదడం రాని వయసులో కూడా దాన్ని మీరు అనేది. "చిన్నమ్మగారూ, మీ ముక్కు కారుతోంది" అని మా అమ్మ అంటుంటే మేమిద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం.

అల్బాన్ పంచాయతీలో రోడ్లూ కాలువలూ చూసే ఉద్యోగి. ఆ మేలో మొత్తం ఊరి కిటికీ తలుపులకు ఒకటే బూడిద నీలం రంగు వేయించమని మేయర్ గారు పురమాయించారు. మా ఇంటితోనే మొదలుపెట్టాడు. గుమ్మానికి రెండు పక్కలా నేను కిందటేడు వేసిన పాస్‌రోజ్ మొక్కలు సరిగ్గా అప్పుడే విరగబూశాయి. మందారమంతేసి పూలు, మనిషిని మించిన ఎత్తు. ఎరుపూ, లేతగులాబీ, వంకాయ రంగూ. నీలం తలుపుల పక్కన అవి ఎంత బాగున్నాయంటే, రొట్టె కొనడానికి పై ఊరు వెళ్ళొస్తూ నా ఇంటిని నేనే ఆగి చూసేదాన్ని.

జూన్లో మొదటి పరీక్షకు ఇద్దరొచ్చి మా ఇంటి ఫోటో తీసుకున్నారు. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న మా అమ్మ కూడా అందులో పడింది. రెండు వారాల్లో ఆ బొమ్మ జిల్లా పర్యాటక శాఖ పోస్టర్ మీదికెక్కింది. రోదెజ్ పట్నంలో చూశామని ఒకరు, తులూజ్ రైల్వేస్టేషన్లో చూశామని ఇంకొకరు. బెర్త్ ఊరుకుంటుందా? "మీ అమ్మకి ఈ వయసులో సంబంధాలు వస్తాయి పిల్లా, జాగ్రత్త" అంది.

సంబంధాలు రాలేదు గానీ జనం వచ్చారు. ఒకరోజు నేను బట్టలు మడతపెడుతుంటే ఒక జంట తిన్నగా వంటింట్లోకి నడిచొచ్చింది. ఆయన టోపీ తీసి, టికెట్లు ఎక్కడ ఇస్తారని ఎంతో మర్యాదగా అడిగాడు. మా అమ్మ తలెత్తకుండా, "టికెట్ లేదు బాబూ. ఇక్కడ పాతవస్తువు నేనొక్కదాన్నే. చూసి, వెళ్ళేటప్పుడు తలుపేసి వెళ్ళండి" అంది. వాళ్ళు నిజంగానే రెండు నిమిషాలు మా అమ్మను చూసి, తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళారు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. కాసేపటికి మళ్ళీ గుర్తొస్తే మాత్రం నవ్వు రాలేదు, ఎందుకు రాలేదో ఆలోచించలేదు.

జూలై రెండో వారంలో క్లోతిల్డ్ వచ్చింది. తండ్రి అంత్యక్రియల తరవాత అదే రావడం. రైలెక్కబోతూ స్టేషన్లో పోస్టర్ చూసి ఆగిపోయానంది. నేను పొంగిపోయాను. ఎదురెళ్ళి దగ్గరికి తీసుకున్నాను. మా లోయలో పలకరింపు ముద్దులు మూడు. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. అది రెండు పెట్టి వెనక్కి జరిగింది. మూడోదానికి చాచిన నా బుగ్గ అలాగే గాల్లో ఉండిపోయింది. నగరంలో రెండే అలవాటై ఉంటుందిలే అనుకున్నాను.

ఇల్లంతా తిరిగింది. కిటికీ తలుపులు వేసి తీసి చూసింది, పైఅంతస్తు చెక్కల మీద నడిచి చూసింది, పెరట్లోకి వెళ్ళి లోయకేసి చాలాసేపు చూసింది. ఎంత బాగుందో, ఎంత బాగుందో అని నాలుగైదుసార్లు అంది. నేను వాల్‌నట్ కేకు కోసి పెట్టాను. మా అమ్మ చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుంది. అప్పుడే అల్బాన్ కాలువ పని చూసుకుని వచ్చి, బూట్లకి బురద ఉందని గుమ్మంలో ఆగాడు. క్లోతిల్డ్ చేతిసంచి తీసుకుని లేచి, బల్లకేసి చూస్తూ అంది:

"మీరేం కంగారుపడకండి. ఈ వేసవంతా మీరు హాయిగా ఉండొచ్చు."

మళ్ళీ రెండు ముద్దులు పెట్టి వెళ్ళిపోయింది. నేనూ అల్బానూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇరవై ఆరేళ్ళుగా ఉంటున్నవాళ్ళకి ఈ వేసవి ఉండమని చెప్పడమేమిటి? పైగా మేమెప్పుడు కంగారుపడ్డాం? అల్బాన్ కాస్త ఆలోచించి, ఈ వేసవికి తను విడిదికి రానని చెప్పడం అయ్యుంటుందని తేల్చాడు. అది బాగానే ఉంది. కానీ నా చెవిలో ఇంకోటి గుచ్చుకుంది.

"అది నన్ను మీరు అంది" అన్నాను.

"ఇద్దరం ఉన్నాం కదా. ఇద్దరుంటే మీరు అనక ఏమంటారు?"

"నువ్వు గుమ్మం బయట ఉన్నావు."

"ఒక కాలు లోపలే ఉంది."

"నిన్ను చూసిందా?"

"నా బూట్లకేసి చూసింది."

"బూట్లకేసి చూస్తే నిన్ను చూసినట్టా?"

ఇదీ వరస. నవ్వుకుంటారు గానీ, మూడు వారాలు మా ఇంట్లో ఇదే గొడవ. ఆ మీరు ఇద్దరికి చెప్పిన మీరా, ఒక్కరికి ఇచ్చిన మీరా? ఇద్దరికైతే ఏ గొడవా లేదు. ఒక్కదానికే అయితే, యాభై ఏళ్ళ నువ్వు ఎక్కడికి పోయినట్టు? అల్బాన్‌ని గుమ్మంలో నిలబెట్టి, నేను బల్ల దగ్గర క్లోతిల్డ్ నిలబడ్డ చోట నిలబడి, అక్కణ్ణించి మనిషి కనిపిస్తాడో లేదో చూశాను కూడా. కనిపిస్తాడు, సగం. ఆ సగంతో ఏం తేలుతుంది?

ఫోన్ చేస్తే తేలిపోతుందని అల్బానే అన్నాడు. ఫోన్లో ఇటు ఒక్కదానివే ఉంటావు, ఇంకెవర్నీ కలిపి మాట్లాడే వీల్లేదు కదా అని. నిజమే. మధ్యాహ్నం పూట చేశాను. ఆయన పక్కనే నిలబడి వేళ్ళు మడవడానికి సిద్ధంగా ఉన్నాడు. క్లోతిల్డ్ చక్కగా మాట్లాడింది. అమ్మ ఆరోగ్యం ఎలా ఉంది, ఎండలు ఎలా ఉన్నాయి, రెండో పరీక్ష ఎప్పుడు, కలిసినప్పుడు అన్నీ మాట్లాడుకుందాం, చూద్దాం. పది నిమిషాలు మాట్లాడినా ఒక్క నువ్వూ దొర్లలేదు, ఒక్క మీరూ దొర్లలేదు. అల్బాన్ ఒక్క వేలు కూడా మడవలేదు. అలా మాట్లాడడం ఎంత కష్టమో ఆ సాయంత్రం నేను ఆయనతో ప్రయత్నించి చూశాను, రెండు మాటలకే నువ్వు వచ్చేసింది.

ఆగస్టు మొదట్లో క్లోతిల్డ్ భర్త వచ్చాడు. చేతిలో ఎర్ర చుక్క వెలుగు వేసే చిన్న పెట్టె. గోడ మీదికి వెలుగు వేస్తాడు, అంకె రాసుకుంటాడు. నేను పడుకునే గది, అమ్మ గది, వంటిల్లు, ఒక్క మూల వదల్లేదు. కప్పు బాగుచేయించడానికి కొలతలేమో అనుకున్నాను. కప్పు కొలిచేవాడు స్నానాల గది ఎందుకు కొలుస్తాడు? కాఫీ ఇచ్చాను. థాంక్స్ చెప్పి తాగాడు, వెళ్తూ పాస్‌రోజ్‌లకేసి చూసి, ఇవి ఏటా పూస్తాయా అని అడిగాడు.

అతను వెళ్ళాక మా అమ్మ నోరు విప్పింది. చిక్కుడు గింజల్లోంచి పుచ్చువి ఏరుతూ, "ఆ మీరు నీకేనే" అంది.

జూలై నుంచి మేం కొట్టుకుంటుంటే ఒక్క మాట అనని మనిషి. నీకెలా తెలుసని అడిగాను.

"నలభై ఏళ్ళు వాళ్ళని మీరు అంటూ బతికినదాన్ని. నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? మీ నాయనమ్మలాంటి పెద్దవాళ్ళనైతే మర్యాదకి అంటారు. ఇది అది కాదు. అయ్యగారు పనివాళ్ళందర్నీ నువ్వనేవారు. ఎవరినైనా తీసెయ్యాలనుకుంటే ఆ పొద్దుట నించీ మీరు అనేవారు. తోటమాలి ఎమీల్‌ని అలాగే పంపారు. బట్టలుతికే మనిషినీ అలాగే పంపారు. నువ్వు అన్నవాళ్ళని పొమ్మనడానికి ఆయనకి నోరు వచ్చేది కాదు."

"మరి నిన్ను?"

"నన్ను ఆయన పోయేదాకా నువ్వనే అన్నారు. అందుకే రోజూ పొద్దున్నే ఆయన మొదటి మాట వినేదాకా నేను పొయ్యి ముట్టించేదాన్ని కాదు."

నాకు ఒళ్ళు మండింది. నువ్వెప్పుడూ వాళ్ళకి పనిమనిషివే, నేను కాదు, క్లోతిల్డ్ నా స్నేహితురాలు అని అరిచాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అమ్మ తలవంచుకుని ఏరుతూనే ఉంది. గింజలు ఏరడం అయ్యాక గిన్నె కడిగి బోర్లించింది.

ఆ మాట నమ్మలేదని చెప్పాను గానీ, మర్నాటి నుంచి ఇల్లు నాకు మరోలా కనపడింది. నీలం తలుపులు కంటబడితే మొహం తిప్పుకునేదాన్ని. చేతులారా చేసుకున్నాను కదా! చెమ్మ పట్టిన ఆ పాత కొంపని ఇరవై ఆరేళ్ళలో ఎవరూ కావాలనలేదు. పోస్టర్ మీద ముస్తాబు చేసి నిలబెట్టింది నేను. రెండో పరీక్షవాళ్ళు ఆ వారంలోనే వస్తారని ఊరంతా గుసగుసలు. జాబితాలో పడకపోతే క్లోతిల్డ్‌కి ఈ ఇల్లు ఎందుకు? పడకపోతే బెర్త్ హోటలు ఉంటుందా? ఎటు ఆలోచించినా తల తిరిగిపోయింది.

ఒక ఉదయం తోట కత్తెర తీసుకుని గుమ్మం ముందుకు వెళ్ళాను. మొదలంటా కోసేద్దామనే వెళ్ళాను. వంకాయ రంగు పూల కాడని పట్టుకున్నాను. పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు, కదలకండి అంది. ఫోటో తీసుకుంది. మెడలో బిళ్ళ చూస్తే తెలిసింది, రెండో పరీక్షకు వచ్చింది ఆమేనని. ఇలా ప్రాణం పెట్టి చూసుకునే మనుషులుంటేనే ఊరికి అందం అని తన పుస్తకంలో రాసుకుంది. నేను ఎండిపోయిన రెండాకులు కత్తిరించి లోపలికొచ్చాను.

ఆగస్టు ఆఖర్లో మంచి వార్తా, ఉత్తరమూ ఒకే రోజు వచ్చాయి. వల్‌బ్రేజ్ జాబితాలోకి ఎక్కింది. బెర్త్ రోడ్డు మీదికొచ్చి అందరికీ తలా ఒక గ్లాసు పోసింది, నాకు రెండు పోసింది, ఇదంతా నీ చలవే అంది. ఇంటికొచ్చి ఉత్తరం విప్పాను. విడిదికొచ్చే అతిథుల కోసం ఇల్లు సిద్ధం చేయిస్తున్నామనీ, సెప్టెంబరు నెలాఖరుకు ఖాళీ చేయాలనీ, తమ కుటుంబం ఎప్పటికీ కృతజ్ఞతతో ఉంటుందనీ ఉంది. మా ఇద్దరి పేరా రాసింది. అంచేత అందులో ఉన్నవన్నీ మీరులే.

"చూశావా, ఇదీ తేల్చలేదు" అన్నాను అల్బాన్‌తో.

ఆయన నాకేసి వింతగా చూశాడు. "ఇల్లే పోయింది, ఇంకా తేలేదేముందే?" అన్నాడు.

ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం ఏం అర్థమైంది? ఇల్లు పోతున్నందుకు ఏడుపొచ్చింది, నిజమే. కానీ రాత్రనకా పగలనకా నన్ను కోసింది ఇల్లు కాదు. క్లోతిల్డ్ పొమ్మంటే పోయేదాన్ని. నువ్వు పో అని నోటితో అంటే సామాను సర్దుకుని పోయేదాన్ని.

పంచాయతీవాళ్ళు కింద రోడ్డు పక్కన ఒక క్వార్టరు ఇచ్చారు. మెట్లు లేవు, చెమ్మ లేదు, మీట నొక్కితే గదులు వెచ్చబడతాయి. అమ్మ ఒకసారి చూసొచ్చి, పొయ్యి దగ్గర వెలుతురు బాగుందని సంతోషించింది. ఆమె సంతోషం చూసి నేను సంతోషించాలో వద్దో తెలియలేదు. ఊరి మొదట్లో 'అందమైన ఊరు' అని కొత్త బోర్డు పాతే పని ఎవరిది? అల్బాన్‌దే. గొయ్యి తీశాడు, సిమెంటు పోశాడు, వంకర లేకుండా రెండుసార్లు చూసి మరీ నిలబెట్టాడు. మేయర్ గారు భుజం తట్టారు. ఆ సాయంత్రమే అదే ట్రాలీలో మా మంచాలు కిందికి దింపాడు.

నెలాఖరు రోజు వంటిల్లు ఊడ్చి తాళంచెవి ఇవ్వడానికి నేనొక్కదాన్నే ఉండిపోయాను. క్లోతిల్డ్ నడిచొచ్చింది. జాబితాలో పడ్డాక ఊళ్ళోకి కార్లు రానివ్వడం లేదు, భర్త కింద కారు ఆపి వస్తున్నాడట. ఖాళీ వంటింట్లో అటూ ఇటూ చూసింది. బల్ల లేదు, అమ్మ కుర్చీ లేదు. కిటికీ దగ్గర నిలబడింది, మొహం ఎర్రబడింది, గడ్డం వణికింది. అది చిన్నప్పుడు ఏడ్చే ముందు కూడా అలాగే ఉండేది.

"నొయెలీ, నువ్వు నా మీద కోపంగా ఉన్నావా?" అంది.

నువ్వు. వేసవంతా నేను చెవులు రిక్కించుకుని ఎదురుచూసిన మాట. ఏదీ మారనట్టు, నిన్నే బల్ల కింద నుంచి లేచొచ్చినట్టు అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. లేదే పిచ్చిదానా అందామని నోరు తెరిచాను. నిజంగా అదే అందామనుకున్నాను.

"అయ్యో, మీరలా అనుకోకండి" అన్నాను.

కావాలని అన్నానో, నోరు తడబడిందో ఇప్పటికీ తెలియదు. తాళంచెవి చాచిన నా చెయ్యి చాచినట్టే ఉంది. క్లోతిల్డ్ గబుక్కున వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది, భర్త వచ్చి నిలబడ్డాడేమోనని.

గుమ్మంలో ఎవరూ లేరు.